లయ సవరణ - గతి భేదం: రాయలసీమ పాటల ధ్వనిముద్రణలో క్వాంటైజేషన్

వ్యాససంగ్రహం:

సంగీత నిర్మాణ సాఫ్ట్‌వేర్లలో రికార్డు చేసిన స్వరాన్ని లేదా దెబ్బను దాని సమీపంలోని కాలబిందువుకు జరిపే ప్రక్రియను క్వాంటైజేషన్ అంటారు. లయదోషాలను సరిదిద్దడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే ఏ కాలబిందువులకు జరపాలన్నది సాఫ్ట్‌వేర్‌కు ముందుగా చెప్పాలి. ఆ నిర్ణయం నిజానికి పాట గతిని గురించిన నిర్ణయం. కర్నూలు, కడప ప్రాంతాల చెక్కభజన, కోలాటం, తత్వాల వంటి గానరూపాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రక్రియ పని చేసే తీరును, గతి ఎంపికలో పొరపాటు జరిగితే కలిగే ఫలితాన్ని, పరిశోధకులు పాటించవలసిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్వాంటైజేషన్, లయ, గతి, రగడ, చెక్కభజన, క్షేత్రపరిశోధన, రాయలసీమ.

1. ప్రవేశిక:

రాయలసీమలో వానలు అరుదైనా పాటకు కొదువ లేదు. పంట ఇంటికి చేరిన తరువాత రామాలయాల ముందు జరిగే చెక్కభజనలు, పండుగనాటి కోలాటాలు, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరుతో ముడిపడిన తత్వాలు, రేనాటి సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కీర్తించే వీరగాథా గేయాలు ఇక్కడి గానసంపదలో ముఖ్యమైనవి. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408-1503) పుట్టినదీ కడప సీమలోనే. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడినప్పటికీ, ఈ వ్యాసంలో కర్నూలు, కడప అన్న పేర్లు అంతకు ముందరి ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి.

తాళ్ళపాక వారి రాగిరేకుల మీద సంకీర్తనల సాహిత్యం, రాగాల పేర్లు ఉన్నాయి, స్వరలిపి లేదు. ఆనాడు ఆ పాట ఏ నడకతో సాగిందో రేకులు చెప్పలేవు. సాహిత్యాన్ని భద్రపరచినంత సులభంగా లయను భద్రపరచలేమన్నదానికి ఇది చక్కని ఉదాహరణ. ధ్వనిముద్రణ వచ్చిన తరువాత ఈ లోటు తీరిందని భావించడం సహజం. కాని, రికార్డు చేసిన పాటలోని కాలాన్ని ఇప్పుడు కంప్యూటర్‌లో మార్చవచ్చు. పల్లెలో పాడిన పాటకు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ జోడించి ఆల్బమ్‌గా మలచే సందర్భంలో ఈ మార్పు ఒక్క మీటతో జరిగిపోతుంది. వినేవారికి ఆ సంగతి తెలియదు. అదే ఆల్బమ్‌ను ఆధారంగా తీసుకొని జానపద గేయ లయను వివరించే పరిశోధకునికీ తెలియకపోవచ్చు. కాబట్టి ఈ సవరణ ఎలా జరుగుతుందో తెలుసుకోవడం సంగీత నిర్మాతలకే కాక, జానపద వాఙ్మయ పరిశోధకులకూ అవసరం.

2. సవరణ జరిగే తీరు:

2.1 మిడి స్వరాల సవరణ:

ఎలక్ట్రానిక్ వాద్యాలు పరస్పరం సమాచారం ఇచ్చిపుచ్చుకొనే మిడి ప్రమాణం 1983లో వెలుగులోకి వచ్చింది. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కినప్పుడు మిడి పద్ధతిలో ధ్వని నమోదు కాదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న వివరాలు మాత్రమే నమోదవుతాయి. మెట్టు సంఖ్య, బలం 0 నుంచి 127 వరకు అంకెల్లో ఉంటాయి. కాలాన్ని కొలవడానికి సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క దెబ్బను చిన్న చిన్న భాగాలుగా విభజిస్తుంది. వీటిని టిక్కులు అంటారు. దెబ్బకు 480 లేదా 960 టిక్కులు ఉండడం సాధారణం. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక దెబ్బ 500 మిల్లీసెకన్లు. 960 టిక్కుల లెక్కన ఒక టిక్కు సుమారు అర మిల్లీసెకను. మనిషి చేతికి అందని సూక్ష్మత ఇది.

క్వాంటైజ్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ టిక్కుల మీద సమాన దూరాల్లో గీతలు గీస్తుంది. ఈ గీతల వరుసనే గ్రిడ్ అంటారు. ప్రతి స్వరాన్నీ దానికి అతి సమీపంలో ఉన్న గీత మీదికి జరుపుతుంది. వాయించిన స్వరాన్ని సమీపంలోని బిందువుకు జరిపే సదుపాయాన్ని, స్వింగ్ సవరణను రోజర్ లిన్ రూపొందించిన ఎల్‌ఎం-1 డ్రమ్ యంత్రం (1980) ప్రచారంలోకి తెచ్చింది. ఆయన అకాయ్ సంస్థతో కలిసి 1988లో తెచ్చిన ఎంపీసీ-60 ద్వారా అది మరింత వ్యాపించింది. ఇప్పుడు క్యూబేస్, లాజిక్, ఏబుల్‌టన్ లైవ్, రీపర్ వంటి సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ ఈ సదుపాయం ఉంది.

సవరణను పూర్తిగా చేయనవసరం లేదు. ‘బలం’ అన్న అంశాన్ని శాతాల్లో నిర్ణయించవచ్చు. ఒక స్వరం గీత కంటే 40 మిల్లీసెకన్లు వెనుకబడి ఉందనుకుంటే, 100 శాతం బలంతో అది గీత మీదికే చేరుతుంది; 50 శాతం బలంతో 20 మిల్లీసెకన్లు ముందుకు జరిగి, మిగిలిన 20 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని నిలుపుకొంటుంది. వాద్యకారుల మధ్య ఉన్న తేడాలు తగ్గుతాయి గాని, వాటి పరస్పర సంబంధం చెదరదు.

2.2 ధ్వని సవరణ:

గాత్రం, చెక్కలు, మద్దెల వంటివి మైకు ద్వారా ధ్వనిగానే నమోదవుతాయి. వీటిని సవరించడానికి సాఫ్ట్‌వేర్ ముందుగా ధ్వని హఠాత్తుగా పెరిగే చోట్లను గుర్తిస్తుంది. వాటినే దెబ్బ ఆరంభాలుగా భావించి, ఆ చోట్ల మధ్యనున్న ధ్వనిని సాగదీసి లేదా కుదించి గ్రిడ్‌కు సరిపెడుతుంది. చెక్కల దెబ్బ ఆరంభం స్పష్టంగా ఉంటుంది కాబట్టి గుర్తించడం తేలిక. గజ్జెలు చేసే రవళి ఒకే బిందువుగా ఉండదు. అది పరచుకొని ఉంటుంది. గాత్రంలో రాగాలాపనకు ఆరంభబిందువును నిర్ణయించడం ఇంకా కష్టం. గుర్తింపులోనే పొరపాటు జరిగితే, సవరణ తప్పును తప్పు చోటికి తీసుకుపోతుంది.

3. గ్రిడ్ - గతి:

చాలా సాఫ్ట్‌వేర్లలో కొత్త పనిని తెరవగానే 4/4 కొలత, నిమిషానికి 120 దెబ్బల వేగం సిద్ధంగా ఉంటాయి. సవరణకు సాధారణంగా ఎంచుకొనేది దెబ్బను నాలుగు సమభాగాలు చేసే గ్రిడ్. తెలుగు సంగీత పరిభాషలో చెప్పాలంటే అది చతురస్ర గతి. పాట చతురస్రంలో నడిచినంతవరకు ఇబ్బంది లేదు. త్రిస్ర, ఖండ, మిశ్ర గతుల్లో నడిచే పాట వచ్చినప్పుడు సమస్య ఎదురవుతుంది.

తెలుగు ఛందస్సు చదివినవారికి ఈ భేదాలు కొత్తవి కావు. రగడలను విభజించిన తీరే ఇందుకు నిదర్శనం. హయప్రచార, తురగవల్గన రగడలు మూడు మాత్రల గణాలతో నడుస్తాయి. మధురగతి, హరిగతి రగడలకు నాలుగు మాత్రల గణాలు. ద్విరదగతి రగడకు అయిదు మాత్రల గణాలు ఆధారం. వృషభగతి రగడ మూడు, నాలుగు మాత్రల గణాల కలయికతో మిశ్రగతిని పొందుతుంది. రగడ చదివేటప్పుడు గణవిభజన తప్పితే నడక ఎలా కుంటుపడుతుందో, తప్పు గ్రిడ్‌లో పాటకు అదే జరుగుతుంది. కింది రెండు లెక్కలు ఈ సంగతిని స్పష్టం చేస్తాయి.

3.1 త్రిస్రగతి:

నిమిషానికి 100 దెబ్బల వేగంలో సాగే పాటను తీసుకుంటే ఒక దెబ్బకు 600 మిల్లీసెకన్లు. త్రిస్రగతిలో చెక్కలు 0, 200, 400 మిల్లీసెకన్ల వద్ద మోగుతాయి. చతురస్ర గ్రిడ్‌లో గీతలు 0, 150, 300, 450 వద్ద ఉంటాయి. సవరణ చేయగానే 200 వద్ద ఉన్న దెబ్బ దగ్గరున్న 150కి, 400 వద్ద ఉన్న దెబ్బ 450కి జరుగుతాయి. 200, 200, 200 గా సమానంగా ఉన్న మూడు వ్యవధులు 150, 300, 150 గా మారుతాయి. మూడు దెబ్బలూ ఉన్నాయి. వాటి వరుస కూడా మారలేదు. కాని త్రిస్రం పోయి, నాలుగు మాత్రల్లో హ్రస్వ దీర్ఘ హ్రస్వాలుగా సాగే మరొక నడక వచ్చింది.

3.2 ఖండగతి:

అదే వేగంలో ఖండగతి దెబ్బలు 0, 120, 240, 360, 480 వద్ద వస్తాయి. చతురస్ర గ్రిడ్‌లో 120 వద్ద ఉన్నది 150కి, 480 వద్ద ఉన్నది 450కి జరుగుతాయి. 240, 360 వద్ద ఉన్న రెండు దెబ్బలకూ అతి సమీపంలోని గీత 300 మాత్రమే. రెండూ అక్కడికే చేరి ఒకదానిమీద ఒకటి పడతాయి. అయిదు దెబ్బలు నాలుగవుతాయి. ఇక్కడ నష్టపోయింది నడక మాత్రమే కాదు. ఒక మాత్రే మాయమైంది. ఆ తరువాత గతిని అయిదుగా మార్చి మళ్ళీ సవరించినా, కలిసిపోయిన దెబ్బలు తిరిగి విడివడవు. సవరణను రద్దు చేసి మూలానికి మరలడం ఒక్కటే మార్గం.

3.3 చాపు తాళాల విషయం:

మిశ్రచాపు తాళంలో ఏడు మాత్రలు 3+4 గా విడిపోతాయి. ఇక్కడ ఒక్కొక్క మాత్ర సమానమైనప్పుడు, మాత్రకొక గీత ఉన్న గ్రిడ్ దెబ్బలను చెడగొట్టదు. ఇబ్బంది వేరే చోట ఉంది. 4/4 కొలతలో మోగే క్లిక్ శబ్దం నాలుగేసి దెబ్బలకు ఒకసారి బరువుగా పడుతుంది. ఏడు మాత్రల ఆవృత్తం దానితో కలవక, బరువు ప్రతిసారీ వేరొక మాత్ర మీద పడుతుంది. హెడ్‌ఫోన్‌లో దాన్ని వింటూ పాడేవారు తడబడతారు. ఆ తడబాటు రికార్డులో లయదోషంగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ క్వాంటైజ్ చేస్తారు. మొదటే కొలతను 7/8 గా ఉంచి, బరువును ఒకటవ, నాలుగవ మాత్రల మీద పెట్టి ఉంటే ఆ దోషమే పుట్టేది కాదు. త్వరితగతిలో పాడే చాపులో రెండు భాగాలూ గణితం ప్రకారం 3:4 గానే ఉంటాయని కూడా ముందుగా భావించరాదు. అది కొలిచి తేల్చవలసిన విషయం.

4. వేగం మారే పాట:

చెక్కభజన, కోలాటం నిదానంగా మొదలై, అడుగులు కుదురుకొన్న కొద్దీ వేగం పుంజుకొని, చివరికి ఉద్ధృతిని అందుకుంటాయి. ఈ పెరుగుదల దోషం కాదు, ఆ ప్రదర్శనకు ప్రాణం. స్థిరమైన వేగం ఉన్న గ్రిడ్ దీన్ని అర్థం చేసుకోలేదు.

వేగంలో స్వల్పమైన తేడా కూడా ఎంతటి చిక్కు తెస్తుందో లెక్కవేసి చూడవచ్చు. బృందం నిమిషానికి 96 దెబ్బల వేగంతో పాడుతుండగా సాఫ్ట్‌వేర్‌లో 95 అని ఉందనుకుందాం. అసలు దెబ్బ 625 మిల్లీసెకన్లు, గ్రిడ్ దెబ్బ 631.6 మిల్లీసెకన్లు. దెబ్బకు సుమారు 6.6 మిల్లీసెకన్ల తేడా పోగవుతుంది. దెబ్బను నాలుగు చేసే గ్రిడ్‌లో గీతకూ గీతకూ మధ్య దూరం 157.9 మిల్లీసెకన్లు, అందులో సగం 78.95. పన్నెండు దెబ్బలయ్యేసరికి తేడా సరిగ్గా ఈ సగానికి చేరుతుంది. ఆ తరువాత వచ్చే దెబ్బలు తమ గీతను వదిలి పక్క గీతకు జరుగుతాయి. పాడినవారు ఎక్కడా తాళం తప్పలేదు, తప్పించింది సవరణ.

దీనికి పరిష్కారం గ్రిడ్‌ను పాట వెంట నడిపించడం. పాటను వింటూ ప్రతి దెబ్బనూ గుర్తించి, ఆ గుర్తులకు అనుగుణంగా సాఫ్ట్‌వేర్‌లోని వేగాన్ని మార్చుతూ పోవచ్చు. దీన్ని టెంపో మ్యాప్ అంటారు. ఇందులో పాడిన ధ్వని ఒక్క మిల్లీసెకను కూడా కదలదు, గీతలే కదులుతాయి. తరువాత జోడించే కీబోర్డు స్వరాలు ఆ గీతలను అనుసరిస్తాయి. పరిశోధకునికి మరొక లాభమూ ఉంది. ఆ మ్యాప్‌లో బృందం వేగాన్ని ఏ చరణం వద్ద, ఎంత మేరకు పెంచిందో అంకెల్లో కనిపిస్తుంది.

5. దోషమేది? లక్షణమేది?

గ్రిడ్‌కు దూరంగా ఉన్న ప్రతి స్వరమూ దోషం కాదు. వ్యత్యాసాలను కనీసం నాలుగు రకాలుగా గుర్తించవచ్చు.

మొదటిది పరికరం వల్ల కలిగే ఆలస్యం. కంప్యూటర్ ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి పంపుతుంది. సెకనుకు 48,000 నమూనాల వేగంలో 512 నమూనాల బఫర్ ఉంటే సుమారు 10.7 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఇది అన్ని స్వరాలకూ సమానంగా ఉంటుంది. ట్రాక్ మొత్తాన్ని అంత మేరకు ముందుకు జరిపితే చాలు, క్వాంటైజ్ చేయనక్కరలేదు.

రెండవది దూరం వల్ల కలిగేది. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒకే మైకు పెట్టి కోలాటాన్ని రికార్డు చేసినప్పుడు, మైకుకు ఆరు మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్నవారి కోల శబ్దం 17 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా నమోదవుతుంది. ఆ వ్యక్తి వెనుకబడలేదు. దూరంగా నిలిచి ఉన్నాడు.

మూడవది శైలి. భారతీయ తాళశాస్త్రం తాళానికి పది ప్రాణాలు చెప్పింది. వాటిలో గ్రహం ఒకటి. పాట తాళంతో పాటే ఎత్తుకొంటే సమం. తాళం మొదలైన తరువాత ఎత్తుకొంటే అనాగతం. ముందే ఎత్తుకొంటే అతీతం. తాళానికి పక్కగా ఎత్తుకోవడం కూడా ఒక నియమమేనని ఈ వర్గీకరణ తెలుపుతుంది. ఇంతకన్నా సూక్ష్మమైన స్థాయిలో, వాద్యకారుల మధ్య నిలకడగా ఉండే చిన్న తేడాలే సంగీతానికి ఊపునిస్తాయని అమెరికన్ పరిశోధకుడు చార్లెస్ కైల్ 1987లో ప్రతిపాదించాడు. మద్దెల కంటే చెక్కలు ప్రతి ఆవృత్తంలోనూ ఒకే మేరకు వెనుకగా పడుతుంటే దాన్ని ఆ బృందపు నడకగా పరిశీలించాలి.

నాలుగవది నిజమైన తడబాటు. ఇది ఒకసారి వచ్చి మళ్ళీ రాదు. బృందంలోని మిగిలినవారు వెంటనే సర్దుకొంటారు. సవరణ అవసరమైనది దీనికే. అదీ ఆ ఒక్క దెబ్బకే, ట్రాక్ మొత్తానికి కాదు.

మూడవ, నాలుగవ రకాలను వేరు చేసే గీటురాయి పునరావృత్తి. శైలి తిరిగి వస్తుంది. తడబాటు తిరిగి రాదు. సాఫ్ట్‌వేర్లలోని ‘హ్యూమనైజ్’ సదుపాయం ఇక్కడ ఉపయోగపడదు. అది ఇప్పటికే గీతల మీదికి చేర్చిన స్వరాలను యాదృచ్ఛికంగా కదుపుతుంది. మనుషుల వాద్యంలోని తేడాలకు ఒక క్రమం ఉంటుంది. పోయిన క్రమాన్ని యాదృచ్ఛికత తిరిగి ఇవ్వదు.

6. పరిశోధకులు, నిర్మాతలు పాటించదగిన క్రమం:

6.1. మూల ధ్వనిముద్రణను ఎట్టి పరిస్థితిలోనూ సవరించరాదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం సూచించిన కనీస ప్రమాణం ప్రకారం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా దాన్ని వేరుగా భద్రపరచాలి. పని అంతా నకలు మీదనే జరగాలి.

6.2. గ్రిడ్ ఎంచుకొనే ముందు పాట గతిని నిర్ణయించాలి. ఇందుకు బృందం గురువును అడగడం, ఆయన చేత పాట లేకుండా వట్టి చెక్కలు వేయించి విడిగా రికార్డు చేయడం ఉత్తమం. తెర మీది అలలను చూసి గతిని ఊహించరాదు.

6.3. కీబోర్డు, ప్యాడ్ వంటి తరువాత చేర్చిన వాద్యాలను చెక్కలకు అనుగుణంగా సవరించాలి. ఒక ట్రాక్ నడకను అచ్చుగా తీసుకొని మరొక ట్రాక్‌కు వర్తింపజేసే సదుపాయాన్ని గ్రూవ్ టెంప్లేట్ అంటారు. చెక్కల నడకను అచ్చుగా తీసి కీబోర్డుకు ఇవ్వడం ఈ సందర్భంలో సరైన దిశ. మారుమూల పల్లె బృందాన్ని కీబోర్డు అచ్చులోకి నెట్టడం దానికి విరుద్ధం.

6.4. సవరించిన ప్రతికి వివరాలు జోడించాలి. ఏ ట్రాక్‌ను, ఏ గ్రిడ్‌తో, ఎంత బలంతో సవరించారో నాలుగు వాక్యాల్లో రాసి ఫైలుతో పాటు ఉంచాలి. ప్రాచీన గ్రంథ పరిష్కర్త పాఠాంతరాలను పుట అడుగున చూపడంతో దీన్ని పోల్చవచ్చు. పరిష్కరించిన ప్రతిని మూలప్రతిగా చూపడం గ్రంథ పరిష్కరణలో ఎంత తప్పో, ధ్వని పరిష్కరణలోనూ అంతే తప్పు.

6.5. మార్కెట్‌లో దొరికే ఆల్బమ్‌ను లయకు ఆధారంగా తీసుకొనే ముందు పరీక్షించాలి. వరుసగా కొన్ని ఆవృత్తాల దెబ్బల వ్యవధులను కొలిచినప్పుడు అన్నీ మిల్లీసెకను తేడా లేకుండా సమానంగా ఉంటే, అక్కడ కొలుస్తున్నది బృందం లయను కాదు, సాఫ్ట్‌వేర్ గ్రిడ్‌ను. ‘ఈ గేయం చతురస్రగతిలో ఉంది’ అన్న నిర్ధారణ అలాంటి ఆధారం మీద నిలవదు.

7. ముగింపు:

క్వాంటైజేషన్ స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. పాట ఏ గతిలో ఉందన్న ఊహను అది పాట మీద అమలు చేస్తుంది. ఊహ సరైనదైతే తడబాటు తొలగుతుంది. తప్పయితే త్రిస్రం మరొకటిగా మారుతుంది, ఖండంలో ఒక దెబ్బ లుప్తమవుతుంది. ఈ మార్పు వినడానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టే ప్రమాదకరం. కొత్తగా చెక్కలు పట్టిన పిల్లలు గురువు ఎదుట నేర్చుకొన్నంతగా ఫోన్‌లో విని నేర్చుకొంటున్న కాలంలో, సవరించిన నడకే అసలు నడకగా స్థిరపడే అవకాశం ఉంది.

కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం వంటి సంస్థల పరిధిలో జానపద గేయాలపై పనిచేసే పరిశోధకులు సాహిత్య పాఠంతో పాటు సవరించని ధ్వనిని, దాని టెంపో మ్యాప్‌ను కూడా సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా సమర్పించే పద్ధతిని చేపట్టవచ్చు. రాగిరేకులు సాహిత్యాన్ని అయిదు శతాబ్దాలు కాపాడాయి. లయను కాపాడే సాధనం వాటికి లేదు. ఆ సాధనం నేటి పరిశోధకుని చేతిలో ఉంది. పాట ఏ గతిలో నడిచిందో ముందుగా వినడం, విన్నదాన్ని మార్చకుండా దాచడం ఆ సాధనాన్ని ఉపయోగించే వారి మొదటి బాధ్యత.